కంపెనీ కొలతలు దాటి స్టెంట్ గ్రాఫ్ట్ పెడితే ఏమవుతుంది?

కడుపులో పెద్ద రక్తనాళం ఉబ్బిపోవడం వల్ల దాని లోపల స్టెంట్ గ్రాఫ్ట్ (లోహపు చట్రమున్న గుడ్డ గొట్టం) పెట్టించుకున్న 10,228 మంది సీటీ స్కాన్లను అమెరికాలో ఒక బృందం కొలిచి చూసింది. ఫలితాలు 2011లో ‘సర్క్యులేషన్’ వైద్య పత్రికలో వచ్చాయి. పరికరం ఎలాంటి రక్తనాళంలో పెట్టాలో తయారీదారులు రాసిచ్చే నిబంధనల్లో అతి కచ్చితమైనవాటిని ప్రమాణంగా తీసుకుంటే, వాటికి సరిపోయినవాళ్లు 42 శాతమే. అతి ఉదారమైనవాటిని తీసుకున్నా 69 శాతం దగ్గరే ఆగింది. అంటే ఎలా లెక్కేసినా పదిమందిలో కనీసం ముగ్గురికి నిబంధనల బయటే పెట్టారు. పెట్టిన ఐదేళ్లలో 41 శాతం మందిలో ఆ ఉబ్బు తగ్గకపోగా ఇంకా పెరిగింది.

ఈ అంకెలు చదివితే ఎవరికైనా గుండె గుభేలుమంటుంది. కానీ ఇదే విషయం మీద నాలుగేళ్ల తర్వాత అమెరికాలోనే వచ్చిన మరో అధ్యయనం, నిబంధనలు పాటించినా పాటించకపోయినా ఫలితాల్లో తేడా కనబడలేదంది. రెండూ పేరున్న పత్రికల్లో వచ్చినవే. ఇంట్లో ఒక పెద్దాయనకు ఏదో నొప్పికి అల్ట్రాసౌండ్ తీయిస్తే ఈ ఉబ్బు బయటపడి, “స్టెంట్ గ్రాఫ్ట్ పెట్టొచ్చు గానీ మీ కేసు ఐఎఫ్‌యూ బయట ఉంది”, అంటే తయారీదారు నిబంధనలకు సరిపోదు అని సర్జన్ చెబితే, ఆ కుటుంబం దేన్ని నమ్మాలి? చిక్కు విప్పాలంటే కింది మెట్టు నుంచి రావాలి.

ఉబ్బితే ఎందుకు భయం

గుండె నుంచి బయలుదేరిన బృహద్ధమని ఛాతీ దాటి కడుపులోకి దిగుతుంది. రెండు కిడ్నీలకూ చెరో కొమ్మ ఇచ్చి, బొడ్డు ఎత్తుకు వచ్చేసరికి రెండుగా చీలి కాళ్లకు పోతుంది. కిడ్నీల కింది భాగంలో దాని వెడల్పు మామూలుగా 2 సెంటీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. 3 సెంటీమీటర్లు దాటితే అన్యూరిజం అంటారు. వయసు, బీపీ, కుటుంబంలో ఇంతకుముందు ఎవరికైనా ఉండటం, మగవాళ్లు కావడం దీని కారణాల్లో ఉన్నాయి. మనం మార్చుకోగలిగిన కారణాల్లో అన్నిటికంటే పెద్దది పొగతాగడం.

పాత సైకిల్ ట్యూబు ఒకచోట బుడిపె కట్టినప్పుడు లోపలి గాలి అంతే ఉన్నా ఆ బుడిపె దగ్గరే రబ్బరు ఎక్కువ సాగి పల్చబడుతుంది. రక్తనాళం గోడా అంతే. వెడల్పు పెరిగేకొద్దీ అదే బీపీకి గోడ మీద లాగుడు పెరుగుతుంది. పగిలితే చాలామంది ఆసుపత్రి చేరేలోపే పోతారు. పగలనంత వరకూ మాత్రం సాధారణంగా ఏ బాధా తెలియదు.

ఉబ్బిన ప్రతిదానికీ ఆపరేషన్ అక్కర్లేదు. బ్రిటన్‌లో 1,090 మందితో జరిగి 1998లో ఫలితాలిచ్చిన పరీక్షలో, 4 నుంచి 5.5 సెంటీమీటర్ల మధ్య ఉన్నవాళ్లకు ముందే ఆపరేషన్ చేసినందువల్ల ఆయుష్షు పెరగలేదని తేలింది. అందుకే మగవాళ్లకు 5.5, ఆడవాళ్లకు 5 సెంటీమీటర్ల దగ్గర ఆపరేషన్ మాట ఎత్తుతారు.

ఐన్‌స్టీన్‌ను బలిగొన్నది ఈ జబ్బే. 1948లో రుడాల్ఫ్ నిస్సెన్ అనే సర్జన్ ఆయన కడుపు తెరిచి ఉబ్బు చుట్టూ సెల్లోఫేన్ కాగితం చుట్టారు. దాని వల్ల చుట్టూ మచ్చ కణజాలం గట్టిపడి గోడకు దన్నుగా ఉంటుందని అప్పటి ఆలోచన. 1955 ఏప్రిల్ 18న అది పగిలే ఆయన చనిపోయారు. ఆ మధ్యలోనే, 1951లో, పారిస్‌లో షార్ల్ ద్యుబోస్త్ ఉబ్బిన ముక్కను తీసేసి వేరే రక్తనాళం అతికించి చూపించారు. కడుపు కోసి, పాడైన చోట కృత్రిమ గొట్టం కుట్టే ఓపెన్ సర్జరీకి అక్కడే బీజం పడింది. ఇప్పటికీ అది బతికే ఉంది, మంచి ఫలితాలే ఇస్తోంది. అయితే అది పెద్ద ఆపరేషన్. గుండె, ఊపిరితిత్తులు తట్టుకోవాలి.

గజ్జ దగ్గర నుంచి లోపలికి

1987లో ఖార్కివ్‌లో నికొలాయ్ వొలొదోస్ ఛాతీలోని బృహద్ధమనికి, 1990లో బ్యూనస్ ఐరిస్‌లో హువాన్ పరోది కడుపులోని అన్యూరిజానికి, ఛాతీ గానీ కడుపు గానీ కోయకుండా లోపలి నుంచే గొట్టం అమర్చారు. గజ్జ దగ్గరి ధమనిలోంచి సన్నని గొట్టం పైకి పంపి, ఎక్స్‌రేలో చూస్తూ, మడిచిపెట్టిన గ్రాఫ్ట్‌ను ఉబ్బు ఉన్నచోట విప్పుతారు. ఇదే ఈవార్. గ్రాఫ్ట్ అంటే గట్టి గుడ్డ గొట్టం, దానికి అంటిపెట్టుకున్న లోహపు చట్రం స్టెంట్. 1999 సెప్టెంబరులో, అమెరికాలో మందులకూ వైద్య పరికరాలకూ అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ మొదటి రెండు పరికరాలకు అనుమతి ఇచ్చింది.

ఇక్కడ ఒక్క సంగతి బాగా పట్టుకుంటే మిగతా కథంతా తేలిగ్గా అర్థమవుతుంది. ఓపెన్ సర్జరీలో గొట్టాన్ని దారంతో కుడతారు. ఈవార్‌లో కుట్టు లేదు. కిడ్నీల ధమనుల కింద, ఉబ్బు మొదలయ్యే ముందు, ఇంకా మామూలుగా ఉన్న కాస్త రక్తనాళం ఉంటుంది. దాన్ని నెక్ అంటారు. గ్రాఫ్ట్ పై కొస అక్కడ స్ప్రింగులా విచ్చుకుని గోడను అదుముకోవడం వల్లే నిలబడుతుంది. కొన్నిటికి చిన్న కొక్కేలు కూడా ఉంటాయి. పట్టు దొరకడానికి నెక్ కంటే 10 నుంచి 20 శాతం పెద్ద గ్రాఫ్ట్ ఎంచుకుంటారు. నెక్ 26 మిల్లీమీటర్లుంటే గ్రాఫ్ట్ 29–31 మధ్య అన్నమాట. కింద కాళ్లకు పోయే రెండు ధమనుల్లోనూ ఇలాంటి పట్టే కావాలి.

పట్టు సడలితే రక్తం గ్రాఫ్ట్ పక్కనుంచి దారి చేసుకుని మళ్లీ ఉబ్బులోకి దూరుతుంది. దీన్ని ఎండోలీక్ అంటారు. పై కొసలోనో కింది కొసలోనో కారితే మొదటి రకం. గ్రాఫ్ట్ ముక్కల అతుకు ఊడినా, గుడ్డ చిరిగినా మూడో రకం. ఈ రెండిట్లోనూ పూర్తి బీపీ నేరుగా ఆ పల్చటి గోడ మీద పడుతుంది కాబట్టి సరిచేయక తప్పదు. చిన్న పక్క ధమనుల నుంచి రక్తం వెనక్కి వచ్చే రెండో రకం ఎక్కువమందిలో కనబడుతుంది. ఉబ్బు పెరగనంత కాలం దాన్ని గమనిస్తూ వదిలేస్తారు. నాలుగు, ఐదు రకాలు అరుదు, ఈ చర్చకు అవి అవసరం లేదు.

ఐఎఫ్‌యూలో గీత ఎవరు గీశారు

ప్రతి పరికరంతో పాటు తయారీదారు ఇచ్చే వాడకపు సూచనల పత్రమే ఐఎఫ్‌యూ. నెక్ కనీసం ఎంత పొడవుండాలి, ఎంత వెడల్పు దాటకూడదు, ఎన్ని డిగ్రీలకు మించి వంగి ఉండకూడదు, కాళ్ల ధమనులు ఎంత ఉండాలి, నెక్‌లో గడ్డకట్టిన రక్తం, సున్నం పేరుకుని ఉండొచ్చా అన్నవి అందులో ఉంటాయి.

ఆ అంకెలు కేవలం లెక్కలు కట్టి తేల్చినవి కావు. అనుమతి కోసం కంపెనీ చేసిన పరీక్షలో ఎలాంటి రక్తనాళాలున్న రోగులను తీసుకున్నారో చాలావరకు ఆ కొలతలే ఐఎఫ్‌యూలోకి వస్తాయి. నెక్ 15 మిల్లీమీటర్లు ఉన్నవాళ్ల మీదే పరీక్షిస్తే పత్రంలో 15 అనే ఉంటుంది. 14 దగ్గర గ్రాఫ్ట్ జారిపోతుందని దాని అర్థం కాదు. 14 దగ్గర ఏమవుతుందో కంపెనీ చూపించలేదని అర్థం. నా దృష్టిలో ఈ గొడవలో ఎక్కువమంది తడబడేది ఇక్కడే. గీత లోపల ఉంటే భరోసా, బయట ఉంటే ప్రమాదం అనుకుంటారు. నిజానికి గీత లోపల ఉన్నది ఆధారం, బయటికి పోయేకొద్దీ తగ్గేది కూడా ఆధారమే. ఆధారం తగ్గడంతో పాటు ప్రమాదం కూడా ఎంత పెరుగుతుందన్నది వేరే ప్రశ్న. అధ్యయనాలు కొట్టుకుంటున్నది దాని దగ్గరే.

గీత దాటడం చట్టవిరుద్ధమా? కాదు. అమెరికాలో ఎఫ్‌డీఏ పరికరానికి అనుమతి ఇస్తుంది గానీ డాక్టర్ వైద్యం ఎలా చేయాలో శాసించదు. గీత బయట వాడమని కంపెనీ మాత్రం ప్రచారం చేసుకోకూడదు. నిర్ణయం డాక్టరుది, ఆ సంగతి తెలిసి ఒప్పుకోవాల్సింది రోగి.

ఒక్క స్కాన్, మూడు తీర్పులు

ఊహకు ఒక మనిషిని తీసుకుందాం. 72 ఏళ్లు, ఉబ్బు 61 మిల్లీమీటర్లు. నెక్ పొడవు 12, వెడల్పు 27 మిల్లీమీటర్లు, వంపు 50 డిగ్రీలు. కుక్ కంపెనీ జెనిత్, గోర్ కంపెనీ ఎక్స్‌క్లూడర్ ప్రామాణిక నమూనాలు కనీసం 15 మిల్లీమీటర్ల నెక్ అడుగుతాయి. కాబట్టి ఆ రెండింటికీ ఈయన గీత బయటే. మెడ్‌ట్రానిక్ కంపెనీ ఎండ్యూరెంట్‌కు 10 మిల్లీమీటర్లు చాలు. దానికి ఈయన గీత లోపలే ఉన్నారు.

ఇంకొకరిది పొడవైన నెక్, 22 మిల్లీమీటర్లు. కానీ వంపు 70 డిగ్రీలు. 60 డిగ్రీల హద్దున్న పరికరాలన్నీ ఈయనకు కుదరవు. ఎండ్యూరెంట్‌నే తీసుకుంటే అమెరికా పత్రం ప్రకారం ఈయన బయట, నెక్ 15 మిల్లీమీటర్లకు పైగా ఉంటే 75 డిగ్రీల దాకా ఒప్పుకునే యూరప్ పత్రం ప్రకారం లోపల. 2013లో ఎఫ్‌డీఏ అనుమతి పొందిన ఆర్‌ఫిక్స్ అయితే 90 డిగ్రీల దాకా ఒప్పుకుంది. మనిషి అదే, రక్తనాళం అదే. ఏ పరికరం, ఏ దేశం పత్రం అన్నదాన్ని బట్టి తీర్పు మారింది. అందుకే “ఐఎఫ్‌యూ బయట” అన్న మాట ఒక్కటే వింటే దాదాపు ఏమీ తెలియదు. ఏ కొలత దాటింది, ఎంత దాటింది అన్నది తెలియాలి.

కొలత తీయడంలో కూడా తిరకాసు ఉంది. స్కాన్ అంటే శరీరాన్ని అడ్డంగా పలుచటి పొరలుగా తీసిన బొమ్మలు. పొర మందం 5 మిల్లీమీటర్లయితే, కింది కిడ్నీ ధమని ఏ పొరలో మొదలైందన్న దాంట్లో ఒక్క పొర తేడా పడినా 10 మిల్లీమీటర్ల నెక్ 15గా కనబడగలదు. అదీగాక నెక్ వంగి ఉంటే అడ్డంగా కోసిన బొమ్మలో గుండ్రని గొట్టం కోడిగుడ్డు ఆకారంలో పడుతుంది. పొడుగు వైపు కొలిస్తే లేని వెడల్పు వస్తుంది. అందుకే పలుచటి పొరలతో స్కాన్ తీసి, కంప్యూటర్‌లో రక్తనాళం మధ్యగా ఒక గీత లాగి, ఆ గీతకు నిలువుగా ఒక్కో చోటా కోసి కొలుస్తారు. అలా కొలిచినా ఇద్దరు నిపుణుల కొలతల మధ్య ఒకటి రెండు మిల్లీమీటర్లు తేడా రావచ్చు. కాబట్టి 14.5కీ 15కీ మధ్య పెద్ద గోడ కట్టనక్కర్లేదు. 5కీ 15కీ మధ్య మాత్రం గోడ ఉంది.

తేడా ఉందన్నవాళ్లు ఏం చూశారు

పైన చెప్పిన 10,228 మంది అధ్యయనంలో ఉబ్బు పెరగడానికి ముందే సూచనగా తేలినవి: 28 మిల్లీమీటర్లు, అంతకు మించిన నెక్ వెడల్పు, 60 డిగ్రీలు దాటిన వంపు, 20 మిల్లీమీటర్లు దాటిన కాలి వైపు ధమని, 80, ఆపై వయసు, ఎండోలీక్ ఉండటం. వీటిలో మూడు శరీర నిర్మాణం కొలతలే. అయితే ఆ అధ్యయనం చేతిలో ఉన్నవి స్కాన్లు. ఎవరు ఎందుకు చనిపోయారన్న చిట్టా లేదు. స్కాన్‌లో ఉబ్బు పెరగడం, మనిషి ప్రాణం పోవడం ఒకటి కావు. పెరుగుతున్న ఉబ్బు మంచి సంకేతం కాదన్న మాటలో మాత్రం వాదన లేదు.

2013లో జార్జ్ ఆంటోనియూ బృందం ఏడు అధ్యయనాల్లోని 1,559 మందిని కలిపి లెక్కేసింది. నెక్ ప్రతికూలంగా ఉన్నవాళ్లలో ఏడాదిలోపు మొదటి రకం ఎండోలీక్ అవకాశం నాలుగున్నర రెట్లు, అన్యూరిజం వల్ల మరణించే అవకాశం తొమ్మిది రెట్లు ఎక్కువని తేలింది. తొమ్మిది రెట్లు అన్న మాట వింటే ఒళ్లు ఝల్లుమంటుంది కాబట్టి లెక్క విప్పి చూద్దాం. అర్థం కావడానికి ఊహించిన అంకెలే ఇవి: అనుకూలమైన నెక్ ఉన్న వెయ్యిమందిలో ఇద్దరు పోతారనుకుంటే, ప్రతికూలంగా ఉన్న వెయ్యిలో పోయేది 18 మంది దాకా. తొమ్మిది రెట్లు నిజమే, మిగతా 980 మందికి పైగా అన్యూరిజం వల్ల పోలేదన్నదీ నిజమే. ఎండోలీక్ లెక్క వేరేగా ఉంటుంది. అక్కడ వందలో ఇద్దరు అనుకుంటే అది వందలో ఎనిమిదో తొమ్మిదో అవుతుంది. మళ్లీ ఆసుపత్రికి, మళ్లీ కాథ్ ల్యాబ్‌కు వెళ్లే ఆ ఆరేడుగురు అదనపు మనుషులే ఈ వివాదంలో అసలు బరువు.

తేడా లేదన్నవాళ్లు ఏం చూశారు

2015లో కైజర్ పర్మనెంటే ఆసుపత్రుల వ్యవస్థ 489 మంది రోగులను పరిశీలించి, ఐఎఫ్‌యూ పాటించడానికీ ఎండోలీక్, ఉబ్బు పెరగడం, మరణాల వంటి ఫలితాలకూ సంబంధం కనబడలేదంది. ఈ ఒక్కటే కాదు, కొత్త తరం పరికరాలతో చేసిన మరికొన్ని కూడా తొలి సంవత్సరాల్లో తేడా పెద్దగా లేదన్నాయి.

వీటిని కొట్టిపారేయడం తప్పు. వాటికి బలమైన కారణాలున్నాయి. 1999 నాటి గ్రాఫ్ట్‌కు, 2010 నాటి గ్రాఫ్ట్‌కు పోలికే లేదు. పట్టు, వంగే గుణం, కొక్కేలు అన్నీ మెరుగయ్యాయి. చేయి తిరిగిన సర్జన్ గీత దాటినా ఎక్కువసార్లు కొద్దిగానే దాటుతారు, దాటినచోట ఎక్కువ జాగ్రత్త పడతారు. నెక్ 13 మిల్లీమీటర్లున్నవాళ్లూ 4 మిల్లీమీటర్లున్నవాళ్లూ “బయట” అనే ఒకే బుట్టలో పడితే, మొదటివాళ్ల మంచి ఫలితాలు రెండోవాళ్ల చెడు ఫలితాలను కప్పేస్తాయి.

ఇంకో సంగతి, సంఖ్య. గీత లోపల 200 మంది, బయట 200 మంది ఉన్నారనుకోండి. లోపలివాళ్లలో అన్యూరిజం మరణాలు 1 శాతం, బయటివాళ్లలో సరిగ్గా రెట్టింపు, 2 శాతం అనుకుందాం. అప్పుడు చనిపోయేది ఒకవైపు ఇద్దరు, ఇంకోవైపు నలుగురు. ఇద్దరికీ నలుగురికీ మధ్య తేడా యాదృచ్ఛికమో నిజమో ఏ గణాంక పరీక్షా తేల్చలేదు. పత్రికలో మాత్రం “తేడా కనబడలేదు” అని వస్తుంది. చదివేవాళ్లు దాన్ని “తేడా లేదు” అని చదువుకుంటారు.

రెండు వైపులా ఉన్న పెద్ద లోటు ఏమిటంటే ఇవేవీ లాటరీ వేసి రోగులను విడగొట్టిన పరీక్షలు కావు. వయసు మీరి, గుండె బలహీనంగా ఉండి, ఓపెన్ సర్జరీకి పనికిరానివాళ్లే ఎక్కువగా గీత బయట ఈవార్‌కు వస్తారు. వాళ్లు త్వరగా పోతే అది నెక్ తప్పా, గుండె తప్పా? గ్రాఫ్ట్ జారేంత కాలం బతక్కుండానే వేరే జబ్బుతో పోతే, లెక్కలో ఆ గ్రాఫ్ట్ విఫలం కానట్టే మిగులుతుంది.

కాలం చెప్పే సాక్ష్యం

నాకు అన్నిటికంటే బరువైనదిగా తోచే ఆధారం మరోచోట ఉంది. బ్రిటన్‌లో 1999–2004 మధ్య 1,252 మందిని లాటరీ పద్ధతిలో ఈవార్‌కూ ఓపెన్ సర్జరీకీ విడగొట్టిన ఈవార్-1 పరీక్ష అది. వీళ్లంతా ఈవార్‌కు రక్తనాళం అనుకూలంగా ఉందని ఎంచినవాళ్లే. మొదటి 30 రోజుల్లో మరణాలు ఈవార్‌లో 1.8 శాతం, ఓపెన్‌లో 4.3 శాతం. ఈవార్ స్పష్టంగా గెలిచింది. కొన్నేళ్లలో ఆ ఆధిక్యం కరిగిపోయింది. సగటున 12 ఏళ్లకు పైగా వెంటాడి 2016లో ‘లాన్సెట్’లో రాసిన ఫలితాల్లో, ఎనిమిదేళ్లు దాటాక అన్యూరిజం మరణాలు ఈవార్ వైపే ఎక్కువ, దాదాపు ఆరు రెట్లు. అందులో ఎక్కువ భాగం గ్రాఫ్ట్ ఉండగానే ఉబ్బు మళ్లీ పగలడం వల్ల వచ్చినవే.

అనుకూలమైన నెక్ ఉన్నవాళ్లలోనే ఎనిమిదేళ్లకు ఇలా ఉంటే, పొట్టి నెక్‌లో, వంకర నెక్‌లో పెట్టిన గ్రాఫ్ట్ గురించి ఏడాది, రెండేళ్ల ఫలితాలతో తీర్పు చెప్పేయడం తొందరపాటే. నెక్ కాలంతో పాటు వెడల్పవుతూ పోతుంది. మొదటే వెడల్పుగా ఉన్న నెక్‌కు ఆ వెసులుబాటు తక్కువ. ఇది పాత తరం పరికరాల కథ అన్న అభ్యంతరం సబబే. కొత్త పరికరాలకు అంతటి దీర్ఘకాలపు లాటరీ పరీక్ష లేదన్నదీ అంతే సబబు.

గీత దాటకపోతే ఉన్న దారులేమిటి

గీత బయట పెట్టడం మంచిదా అని విడిగా అడిగితే జవాబు రాదు. దేనితో పోలిస్తే అన్నది కావాలి.

ఓపెన్ సర్జరీ ఒక దారి. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రాసే నైస్ సంస్థ 2018 ముసాయిదాలో, ఓపెన్ సర్జరీకి తగినవాళ్లకు పగలని అన్యూరిజానికి ఈవార్ ఇవ్వొద్దనేసరికి సర్జన్లలో పెద్ద దుమారం రేగింది. 2020 మార్చిలో వచ్చిన తుది మార్గదర్శకం కాస్త మెత్తబడి, కడుపులో వేరే జబ్బు గానీ, మత్తుమందు వల్ల ప్రమాదం గానీ ఉన్నవాళ్లకు ఈవార్‌ను పరిగణించవచ్చంది. కానీ ఇక్కడా మెలిక ఉంది. నెక్ పొట్టిగా ఉంటే ఓపెన్ సర్జరీ కూడా కష్టమే. పైకి, కిడ్నీ ధమనుల దాకా వెళ్లి రక్తం ఆపాలి. పగిలిన అన్యూరిజాల మీద బ్రిటన్‌లో 613 మందితో జరిగిన ఇంప్రూవ్ పరీక్షలో, నెక్ పొట్టిగా ఉన్నకొద్దీ ఓపెన్ సర్జరీలో మరణాలు పెరిగాయి. చెడ్డ నెక్ ఎవరికీ స్నేహితుడు కాదు.

రెండో దారి, కిడ్నీ ధమనుల దగ్గర కిటికీలు ఉన్న గ్రాఫ్ట్. పట్టును పైనున్న మంచి భాగానికి జరుపుతుంది. 4 మిల్లీమీటర్ల నెక్‌తోనూ వాడేలా కుక్ వారి అలాంటి పరికరానికి 2012లో ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. రోగి కొలతలకు చేయించాలి కాబట్టి వారాలు పడుతుంది, ఖర్చు ఎక్కువ, అందరు సర్జన్లకూ చేయి తిరగదు. మూడోది, మామూలు గ్రాఫ్ట్‌ను గోడకు చిన్న మరలతో బిగించడం. 4 నుంచి 10 మిల్లీమీటర్ల నెక్‌లకు ఎండ్యూరెంట్‌తో వాటిని కలిపి వాడటానికి 2017లో ఎఫ్‌డీఏ ఒప్పుకుంది. ఇక్కడ గమనించండి, నిన్న గీత బయట ఉన్న రోగి ఈరోజు లోపలికి వచ్చాడు.

ఏమీ చేయకపోవడమూ ఒక దారే. ఓపెన్ సర్జరీకి పనికిరాని 404 మందితో చేసిన ఈవార్-2లో, ఈవార్ చేయించుకోమని పంపినవాళ్లూ చేయించుకోకుండా వదిలినవాళ్లూ మొత్తం మీద దాదాపు ఒకే కాలం బతికారు. అన్యూరిజం మరణాలు తగ్గాయి, మిగతా జబ్బులు ప్రాణాలు తీశాయి. బతుకు మీద ఇంకా రెండేళ్ల ఆశే ఉన్న మనిషికి, ఎనిమిదేళ్ల తర్వాత జారే గ్రాఫ్ట్ గురించి భయం లేదు. కానీ ఆపరేషన్ లాభమూ అంతే సన్నం.

పగిలినప్పుడు లెక్కే మారిపోతుంది. ఎదురుగా మరణం ఉంటే 12 మిల్లీమీటర్ల నెక్ గురించి ఎవరూ వాదించరు.

ఆడవాళ్లకు గీత ఇంకా ఇరుకు

2017లో ‘లాన్సెట్’లో వచ్చిన విశ్లేషణ ప్రకారం, ఐఎఫ్‌యూ కొలతలకు సరిపోయే రక్తనాళం మగవాళ్లలో 54 శాతం మందికి ఉంటే ఆడవాళ్లలో 34 శాతం మందికే ఉంది. వాళ్ల నెక్‌లు పొట్టి, వంపు ఎక్కువ, కాళ్ల ధమనులు సన్నం. ఓపెన్ సర్జరీలో 30 రోజుల మరణాలు మగవాళ్లకు 2.8 శాతం, ఆడవాళ్లకు 5.4 శాతం. రెండు దారులూ వాళ్లకే ఎక్కువ ముళ్లు. పరికరాలను ఎక్కువగా మగ రోగుల మీద పరీక్షించడం గీత ఇలా ఇరుకు కావడానికి ఒక కారణం కావచ్చు. ఈ అన్యాయం గురించి మాట్లాడాల్సినంత మాట్లాడటం లేదు.

గీతే వెనక్కి జరిగిన రోజు

ఎండోలాజిక్స్ కంపెనీ నెలిక్స్ పరికరం వేరే సూత్రంతో వచ్చింది. ఉబ్బు మొత్తాన్ని లోపలి నుంచి సంచులతో నింపేయడం దాని పద్ధతి. 2013లో యూరప్‌లో అనుమతి వచ్చింది. పట్టు మీద ఆధారపడే గోలే ఉండదని ఆశ పుట్టింది. పరికరాలు జారడం, ఎండోలీక్‌లు కనబడటంతో 2016లో కంపెనీ ఐఎఫ్‌యూను ఇరుకు చేసింది. 2019 జనవరిలో యూరప్ అనుమతి నిలిపివేశారు. 2015లో గీత లోపల ఉందని భరోసాతో పెట్టించుకున్నవాళ్లలో కొందరు 2016లో, తమ రక్తనాళంలో ఏ మార్పూ లేకుండానే, గీత బయటికి వచ్చారు. ఐఎఫ్‌యూ పాటించామన్నది ఎప్పటికీ చెల్లే రక్ష కాదని ఇంతకంటే స్పష్టంగా చూపించిన ఉదంతం లేదు.

పెట్టాక ఏళ్లు గడిస్తే

బ్రిటన్‌లో 65 ఏళ్లు వచ్చే మగవాళ్లకు అక్కడి ప్రభుత్వ వైద్య వ్యవస్థ ఎన్‌హెచ్‌ఎస్ అల్ట్రాసౌండ్‌కు ఉత్తరం పంపుతుంది. అక్కడ స్థిరపడిన తెలుగువాళ్లకూ వస్తుంది. అమెరికాలో ఎప్పుడైనా పొగతాగిన 65–75 ఏళ్ల మగవాళ్లకు ఒకసారి పరీక్ష చేయమని సిఫార్సు ఉంది. మన దేశంలో దేశవ్యాప్త స్క్రీనింగ్ లేదు. వేరే కారణానికి తీసిన స్కాన్‌లోనే ఎక్కువగా బయటపడుతుంది. పరికరం ఖర్చు లక్షల్లో ఉంటుంది కాబట్టి, కిటికీల గ్రాఫ్ట్ కంటే మామూలు గ్రాఫ్ట్‌నే గీత దాటి పెట్టడం వైపు మొగ్గడానికి శరీర నిర్మాణంతో సంబంధం లేని కారణం కూడా ఇక్కడ తోడవుతుంది. ఆ ఒత్తిడి పేదవాళ్ల మీదే ఎక్కువగా పడుతుంది.

డిశ్చార్జి అయ్యాక ఇంకో కష్టం. నొప్పి లేదు, పెద్ద కోత లేదు, మనిషి మూడో రోజుకే నడుస్తాడు. హైదరాబాద్‌లో పెట్టించుకుని ఊరికి వెళ్లిపోయినవాళ్లు, అమెరికాలో పిల్లల దగ్గర చేయించుకుని తిరిగొచ్చిన తల్లిదండ్రులు, ఏడాదికోసారి స్కాన్ అంటే “బాగానే ఉన్నాం కదా” అంటారు. పాత స్కాన్ సీడీ లేకపోతే కొత్త స్కాన్‌లో ఉబ్బు 62 మిల్లీమీటర్లు ఉందని తెలుస్తుంది గానీ, అది 66 నుంచి తగ్గిందా, 58 నుంచి పెరిగిందా తెలియదు. గ్రాఫ్ట్ పనిచేస్తోందా లేదా అన్నది ఆ ఒక్క తేడాలోనే ఉంది.

యూరప్ వాస్క్యులర్ సర్జన్ల సంఘం 2019 మార్గదర్శకాలు ఈవార్ తర్వాత స్కాన్ల విషయంలో ఒక వెసులుబాటు ఇచ్చాయి. మొదటి సీటీలో ఎండోలీక్ లేకపోతే, పైనా కిందా పట్టు కనీసం 10 మిల్లీమీటర్లుంటే, రక్తనాళం ఐఎఫ్‌యూ లోపలే ఉంటే, తర్వాతి సీటీని ఐదేళ్ల దాకా వాయిదా వేయవచ్చని. మూడు షరతుల్లో చివరిది గీత బయట పెట్టించుకున్నవాళ్లను ఆ వెసులుబాటు నుంచి తప్పిస్తుంది. వాళ్ల స్కాన్ ఐదేళ్లు ఆగదు.